రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళు

1941 డిసెంబర్ 23న రంగూన్ మీదికి జపాన్ విమానాలు వచ్చినప్పుడు జనం పరుగెత్తలేదు. వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూశారు. బాంబుదాడి అంటే ఏమిటో ఆ నగరానికి అప్పటిదాకా తెలియదు. రేవు మీదా, దాన్ని ఆనుకున్న కిక్కిరిసిన పేటల మీదా బాంబులు పడ్డాయి. ఆ ఒక్కరోజే రెండు వేల మందికి పైగా చనిపోయారని కొన్ని అంచనాలు చెబుతున్నాయి. క్రిస్మస్ నాడు విమానాలు మళ్ళీ వచ్చాయి. ఈసారి చూడటానికి ఎవరూ నిలబడలేదు.

ఆ రేవులో ఓడలకు సరుకులెత్తే కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళు. రిక్షాలు లాగేవాళ్ళలో, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్ళలో, నగరాన్ని శుభ్రం చేసేవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం సుమారు నాలుగు లక్షలైతే, అందులో సగానికి పైగా భారతీయులు. బర్మా మొత్తం మీద తెలుగువాళ్ళు లక్షన్నరకు పైనే. రంగూన్‌ను రంగమని పిలిచే గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల పల్లెల్లో ‘రంగం వెళ్ళాడు’ అంటే ఇంకేమీ అడగక్కర్లేదు. కాకినాడలోనో, విశాఖపట్నంలోనో, కళింగపట్నంలోనో ఓడెక్కాడన్న మాట. కూలీలను కూడగట్టే మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టిన డబ్బు అప్పుగా మెడకు చుట్టుకునేది. అది తీరేదాకా రంగంలో చాకిరీ తప్పదు.

అక్కడివాళ్ళు వీళ్ళను కోరంగీలనేవారు. ఆ పిలుపులో ఆదరణ ఉండేది కాదు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు జీతాలు పెంచమని సమ్మె చేస్తే, ఓడల కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను దింపాయి. సమ్మె ముగిసి పాతవాళ్ళు పనిలోకి వచ్చిన రోజున గొడవ మొదలై, నగరమంతా పాకింది. ఎందరో భారతీయులు హతమయ్యారు. ఆ జ్ఞాపకం పదకొండేళ్ళ తర్వాత కూడా పచ్చిగానే ఉంది. అందుకే బాంబులు పడగానే వాళ్ళను రెండు భయాలు కమ్ముకున్నాయి. ఒకటి జపాన్ వల్ల, రెండోది ఇరుగుపొరుగు వల్ల.

వేలమంది మూటలు నెత్తిన పెట్టుకుని ఉత్తరాన ప్రోమ్ వైపు బయల్దేరారు. కూలీలు లేకపోతే రేవు ఆగిపోతుంది. రేవు ఆగితే యుద్ధ సామగ్రి దిగదు. అందువల్ల ప్రభుత్వం వాళ్ళను దారిలో ఆపి, నచ్చజెప్పి, వెనక్కి పంపింది. రక్షణ ఇస్తామంది. ఇవ్వలేకపోయింది. రెండు నెలలు గడిచేసరికి ప్రభుత్వమే రంగూన్ వదిలే ఏర్పాట్లలో పడింది. మార్చి 8న జపాన్ సైన్యం నగరంలోకి వచ్చింది. డిసెంబర్లోనే వెళ్ళిపోనిచ్చి ఉంటే ఎంతమంది బతికేవారో అన్న ప్రశ్నను బర్మా చరిత్ర రాసేవాళ్ళు ఇంకా గట్టిగా అడగాలి.

డబ్బున్నవాళ్ళకు ఓడల్లో చోటు దొరికింది. లేనివాళ్ళకు మిగిలింది నడక. మొదటి దారి ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, అరకాన్ కొండల మీదుగా తౌంగుప్ చేరేది. అక్కడి నుంచి పడవల్లో అక్యాబ్, ఆపైన చిట్టగాంగ్. కొండదారి నూట డెబ్బై కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఎండాకాలం కావడంతో నీళ్ళు కరువు. దొరికిన మడుగులో వేలమంది తాగారు. కలరా పుట్టింది. లక్షమందికి పైగా ఈ దారినే పట్టారు.

తౌంగుప్ దారి మూసుకుపోయాక జనం ఇంకా ఉత్తరానికి మళ్ళారు. మాండలే, కలేవా, తము మీదుగా మణిపూర్ చేరి, ఇంఫాల్ దాటి దిమాపూర్‌లో రైలెక్కాలి. ఈ దారిలోనే మన జాతీయోద్యమాన్ని కుదిపేసిన మాట పుట్టింది: తెల్లవాళ్ళ దారి, నల్లవాళ్ళ దారి. మజిలీల్లోనూ, వాహనాల్లోనూ, తిండిలోనూ ఐరోపావాళ్ళకు ఒక ఏర్పాటు, భారతీయులకు వేరొకటి. 1942 వసంతంలో అలహాబాద్‌లో సమావేశమైన కాంగ్రెస్ దీన్ని గట్టిగా ఖండించింది. గాంధీజీ తన ‘హరిజన్’లో ఈ వివక్ష గురించే రాశారు. ఆగస్టులో క్విట్ ఇండియా అనడానికి ముందు దేశం కళ్ళెదుట ఉన్నది ఈ దృశ్యం. మన పాఠ్యపుస్తకాల్లో క్విట్ ఇండియా కారణాల కింద క్రిప్స్ రాయబారం పేరు ఉంటుంది, బర్మా నుంచి కాళ్ళు బొబ్బలెక్కి వచ్చిన కూలీల ఊసు అరుదు. వాళ్ళు ఊరూరా చేర్చిన కబుర్లు కూడా తెల్లదొరతనమంటే ఉన్న భయాన్ని పోగొట్టాయి.

అన్నిటికన్నా ఘోరం ఉత్తర బర్మాలోని హుకాంగ్ లోయ మీదుగా అస్సాం చేరే దారి. మేలో వానలు మొదలయ్యాయి. మోకాటి లోతు బురద, పొంగే ఏళ్ళు, జలగలు, మలేరియా. అస్సాం తేయాకు తోటల దొరలూ, వాళ్ళ కూలీలూ కలిసి దారిలో శిబిరాలు వేసి గంజి కాచి పోశారు. షింబ్వియాంగ్‌లో చిక్కుకున్నవాళ్ళకు విమానాల్లోంచి బియ్యం జారవిడిచారు. బతికి బయటపడినవాళ్ళు చెప్పిన వాటిలో మనసును వదలని సంగతి ఒకటుంది: అడవిలో పడి ఉన్న శవాల మీద రంగురంగుల సీతాకోకచిలుకలు గుంపులుగా వాలేవట.

నేల దారినా, నీటి దారినా మొత్తం మీద దాదాపు ఐదు లక్షల మంది భారత్ చేరారు. చనిపోయినవాళ్ళ సంఖ్యను పది వేల నుంచి యాభై వేల దాకా, ఇంకా పైకి కూడా చెబుతారు. అంత తేడా ఎందుకంటే, బయల్దేరినవాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు.

వాళ్ళు ఆ కొండల్లో ఉండగానే యుద్ధం వాళ్ళ సొంతూళ్ళకూ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న ‘ర్యూజో’ అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ తీరం మీదా బాంబులు వేశాయి. ఆ నౌక ఉన్న అడ్మిరల్ ఒజావా దళం ఆ కొద్ది రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవై దాకా వాణిజ్య నౌకలను ముంచేసింది. విశాఖలో ప్రాణనష్టం తక్కువే, భయం మాత్రం ఊరిని ఖాళీ చేసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు లోపలి జిల్లాలకు వెళ్ళాయి. బాంబు పడితే బోనులు తెరుచుకుంటాయన్న భయంతో అక్కడి జంతుప్రదర్శనశాలలో క్రూరమృగాలను కాల్చేశారు. రంగం నుంచి ఇల్లు చేరుకున్న కూలీకి తన ఊళ్ళోనూ పరుగులే ఎదురయ్యాయి. రంగూన్ బియ్యం రావడం ఆగింది, ధరలు పెరిగాయి.

మలయాకు వెళ్ళిన తెలుగువాళ్ళ కథ మరో తీరు. పెర్ల్ హార్బర్ మీద దాడికి గంట ముందే జపాన్ సేనలు కోటబారు తీరంలో దిగాయి. అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది హైదరాబాద్ నిజాం సంస్థానపు పటాలం. దాని అధిపతి కర్నల్ హెండ్రిక్స్ ఆ గందరగోళంలోనే చనిపోయాడు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ లొంగిపోయాక రబ్బరు తోటల తమిళులూ, తెలుగువాళ్ళూ జపాన్ చేతికి చిక్కారు. సయాం (థాయ్‌లాండ్) నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయడానికి కూలీలు కావాలి. ముందు మంచి జీతమని ఆశపెట్టారు, తర్వాత తోటల నుంచి పట్టుకుపోయారు.

1943 అక్టోబర్లో పట్టాలు కలిశాయి. పనిచేసిన మిత్రదేశాల యుద్ధఖైదీలు అరవై వేల పైచిలుకు, వారిలో చనిపోయినవాళ్ళు పన్నెండు వేలకు పైగా. ఆసియా కూలీలు దాదాపు రెండు లక్షలు, వాళ్ళలో తొంభై వేల మంది దాకా పోయారని అంచనా. ఖైదీల వెంట సొంత డాక్టర్లున్నారు, నీళ్ళు మరగబెట్టించే అధికారులున్నారు, ఎవరు ఎప్పుడు పోయారో దొంగచాటుగా రాసుకున్నవాళ్ళున్నారు. భార్యాబిడ్డలతో వచ్చిన కూలీకి వీటిలో ఏదీ లేదు. కలరా వచ్చినప్పుడు శిబిరాలకు శిబిరాలే తుడిచిపెట్టుకుపోయాయి. థాయ్‌లాండ్‌లోని కాంచనబురి యుద్ధ శ్మశానంలో దాదాపు ఏడు వేల సమాధులున్నాయి, అవన్నీ యుద్ధఖైదీలవి.

1944లో ఇంఫాల్ దారి మళ్ళీ నడకలతో నిండింది. ఈసారి వెనక్కి మళ్ళింది జపాన్ సైన్యం, ఆజాద్ హింద్ ఫౌజ్. ‘జై హింద్’ను పలకరింపుగా సూచించిన హైదరాబాదీ అబిద్ హసన్ సఫ్రానీ కూడా ఆ పోరులో ఉన్నాడు. రెండేళ్ళ కిందట కూలీలు పడిపోయిన కొండల్లోనే, అదే వానల్లో, ఆకలితో, మలేరియాతో ఈ సైనికులూ పడిపోయారు.

యుద్ధం ముగిశాక చాలామంది మళ్ళీ రంగం వెళ్ళారు. 1964లో నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేయడంతో మళ్ళీ గెంటివేతలు మొదలై, కాందిశీకులు ఓడల్లో విశాఖ చేరారు. కంచరపాలెంలో బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు. ఆనాటి నడక గురించి దొరలు రాసిన పుస్తకాలూ, అధికారుల నివేదికలూ చాలానే ఉన్నాయి. నడిచిన తెలుగు కూలీ తన నోటితో చెప్పింది మాత్రం కాగితం మీద చాలా తక్కువ. ప్రోమ్, తౌంగుప్, తము అన్న పేర్లను తాతల నోట విన్న మనుమలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళూ ముసలివాళ్ళవుతున్నారు. మన విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఆ మాటలు రికార్డు చేయాలి, ఆ పల్లెల్లో తిరిగిరానివాళ్ళ పేర్లు ఇంటింటా అడిగి రాసుకోవాలి. ఇంకో పదేళ్ళు ఆగితే అడగడానికి ఎవరూ మిగలరు.