జూదంలో గెలిచేది ఎవరు?

తిరుపతి జిల్లాలో తడ దగ్గర శ్రీ సిటీ ఉంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో ఈ పారిశ్రామిక వాడ మొదలైంది. అప్పుడు ఈ మండలాలు చిత్తూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అప్పటి నుంచి అవి ఈ జిల్లాలో ఉన్నాయి.

2015లో శ్రీ సిటీలో సెల్ ఫోన్లు బిగించే కర్మాగారం వచ్చింది. అందులో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చుట్టుపక్కల పల్లెల నుంచి కంపెనీ బస్సు ఎక్కి పోతారు. రోజంతా పని చేస్తారు. నెల తిరిగితే జీతం బ్యాంకు ఖాతాలో పడుతుంది. "డబ్బు పడింది" అని ఫోన్‌కు కబురు వస్తుంది.

అదే ఫోన్‌కు ఇంకో కబురు కూడా వస్తుంది. "ఆడండి! గెలవండి! ఇంట్లో కూర్చుని వేలు సంపాదించండి!" అని.

జీతం నెల రోజుల కష్టం. పందెం నిమిషం పని. నెల కష్టం నిమిషంలో ఎలా పోతుంది? పోగొట్టుకున్నవాళ్లు "మా అదృష్టం బాగాలేదు" అంటారు. నిజానికి ఇందులో ఉన్నది లెక్క. కూడిక, తీసివేత వచ్చినవాళ్లు ఎవరైనా ఈ లెక్క చూడగలరు.

ఆరు బొమ్మల ఆట

జాతరల్లో, తిరునాళ్లలో ఆరు బొమ్మల ఆట ఆడిస్తుంటారు. నేల మీద ఒక గుడ్డ పరుస్తారు. దాని మీద ఆరు బొమ్మలు ఉంటాయి. కిరీటం, జెండా, ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు. మూడు పాచికలు ఉంటాయి. ప్రతి పాచిక మీదా ఇవే ఆరు బొమ్మలు ఉంటాయి. ఆట నడిపేవాడు పాచికల్ని డబ్బాలో వేసి గిలకొట్టి బోర్లిస్తాడు.

జెండా మీద రూపాయి పెట్టారనుకోండి. ఒక పాచిక మీద జెండా పడితే మీ రూపాయి మీకు వస్తుంది, ఇంకో రూపాయి లాభం. రెండింటి మీద పడితే 2 రూపాయలు లాభం. మూడింటి మీదా పడితే 3 రూపాయలు లాభం. ఒక్కటీ పడకపోతే మీ రూపాయి పోయింది.

"ఆరు బొమ్మలు, మూడు పాచికలు. సగానికి సగం గెలుపే కదా!" అంటాడు ఆట నడిపేవాడు. వినడానికి నిజమే అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం.

ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. ఆరు బొమ్మల మీద తలా ఒక రూపాయి పెట్టారు.

మూడు పాచికల మీద మూడు వేరు వేరు బొమ్మలు పడ్డాయి. ముగ్గురు ఓడారు. ఆట నడిపేవాడికి 3 రూపాయలు వచ్చాయి. ముగ్గురు గెలిచారు. వాళ్లకు 3 రూపాయలు ఇచ్చాడు. వాడికి లాభం లేదు, నష్టం లేదు.

ఇంకోసారి రెండు పాచికల మీద ఒకే బొమ్మ, మూడోదాని మీద వేరే బొమ్మ పడ్డాయి. నలుగురు ఓడారు. వాడికి 4 రూపాయలు వచ్చాయి. గెలిచిన ఇద్దరిలో ఒకామెకు 2, ఇంకొకామెకు 1, మొత్తం 3 ఇచ్చాడు. వాడికి 1 రూపాయి మిగిలింది.

మరోసారి మూడింటి మీదా ఒకే బొమ్మ పడింది. అయిదుగురు ఓడారు. వాడికి 5 రూపాయలు వచ్చాయి. గెలిచిన ఒకామెకు 3 ఇచ్చాడు. వాడికి 2 రూపాయలు మిగిలాయి.

చూశారా? ఆరు బొమ్మల మీదా పందెం ఉంటే, పాచికలు ఎలా పడినా వాడు ఓడిపోడు. ఆడేవాళ్లలో కొందరు ఓడతారు, కొందరు గెలుస్తారు. వాడి గుడ్డ మీద మాత్రం డబ్బు మిగులుతూనే ఉంటుంది. మూడు పాచికలు 216 రకాలుగా పడగలవు. అన్నింటినీ లెక్క కడితే 100 రూపాయల పందేనికి దాదాపు 8 రూపాయలు వాడికే పోతాయి. పాచికల్లో మోసం ఏమీ లేకపోయినా ఇంతే.

నమ్మకం కుదరకపోతే రూపాయలకు బదులు చింతగింజలు పెట్టి ఆడి చూడండి. గింజలు ఎవరి దగ్గర చేరుతాయో మీకే తెలుస్తుంది.

మట్కా

రాయలసీమలో మట్కా మాట వినని ఊరు తక్కువ. మట్కా అంటే హిందీలో కుండ. ఈ జూదం బొంబాయిలో పుట్టింది. మొదట్లో న్యూయార్క్ నుంచి వచ్చే పత్తి ధరల మీద పందేలు కాసేవాళ్లు. 1960 తర్వాత అంకెలు రాసిన చీటీలు కుండలో వేసి తీయడం మొదలైంది. ఇప్పుడు కుండ లేకపోయినా పేరు మిగిలింది.

0 నుంచి 9 దాకా పది అంకెలు. ఒక అంకె మీద రూపాయి కాస్తారు. ఆ అంకె తగిలితే సాధారణంగా 9 రూపాయలు ఇస్తారు. పది మంది పది అంకెల మీద తలా రూపాయి కాశారనుకోండి. వచ్చింది 10 రూపాయలు. ఇచ్చేది 9 రూపాయలు. ఒక రూపాయి ఆట నడిపేవాడికి.

రెండంకెల జోడీ కాస్తే "రూపాయికి 90" అని ఊరిస్తారు. కొన్నిచోట్ల 80 మాత్రమే ఇస్తారు. కానీ జోడీలు 00 నుంచి 99 దాకా వంద ఉన్నాయి. వంద మంది తలా రూపాయి పెడితే 100 వస్తుంది. ఒక్కరికి 90 పోతుంది. మిగతా 99 మంది ఇళ్లకు ఒట్టి చేతులతో పోతారు.

కాసినో చక్రం

కాసినో అంటే పెద్ద జూదశాల. గోవాలో పనాజీ దగ్గర మాండవీ నదిలో ఓడల మీద కాసినోలు ఉన్నాయి. రంగురంగుల దీపాలు, తిండి, పాటలు, అన్నీ ఉంటాయి. అక్కడి పేరుమోసిన ఆట రౌలెట్ చక్రం.

ఈ చక్రానికి 37 గళ్లు. 0 నుంచి 36 దాకా అంకెలు. చక్రం తిప్పి చిన్న గోళీ వదులుతారు. మీరు రూపాయి పెట్టిన అంకెలో గోళీ పడితే మీ చేతికి 36 రూపాయలు వస్తాయి. అన్ని గళ్ల మీదా రూపాయి చొప్పున పెట్టాలంటే 37 రూపాయలు కావాలి. పెట్టింది 37, వచ్చేది 36. ఆ ఒక్క రూపాయితోనే దీపాలూ పాటలూ నడుస్తాయి. యజమానికి లాభం కూడా అందులోంచే.

"మట్కా కంటే ఇదే నయం కదా, 100కు 3 రూపాయలు కూడా పోవు" అని ఎవరైనా అనచ్చు. కానీ చక్రం ఒక్కసారి తిరిగి ఆగదు. గంటకు 40 సార్లు తిరిగిందనుకోండి. ప్రతిసారీ 100 రూపాయలు కాస్తే మొత్తం 4,000 రూపాయలు కాసినట్టు. అందులో 37కు 1 చొప్పున సుమారు 108 రూపాయలు కాసినోకు పోతాయి. ఒక రోజు ఒకరికి ఎక్కువ రావచ్చు, ఇంకొకరికి అంతా పోవచ్చు. వేల మంది ఆడితే సగటున తేలేది ఇదే. బిందెకు సూదంత చిల్లి ఉన్నా, ఎక్కువసేపు ఉంచితే నీళ్లన్నీ పోతాయి.

మరి ఎందుకు ఆడతారు?

ఆడేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు కూడా ఆడతారు. జూదం మనసును కొన్ని విధాలుగా పట్టుకుంటుంది.

ఒకటి, ఆశ. "ఒక్క దెబ్బ తగిలితే అప్పంతా తీరుతుంది. కూతురి పెళ్లి అయిపోతుంది." కష్టంలో ఉన్నవాళ్లకు ఈ ఆశ ఎక్కువ.

రెండు, అప్పుడప్పుడూ గెలవడం. ఎప్పుడూ ఓడితే ఎవరైనా మానేస్తారు. అయిదుసార్లు ఓడి ఒకసారి గెలిస్తే మనసు ఆ గెలుపునే పట్టుకుంటుంది. గాలానికి ఎర లాంటిది అది.

మూడు, "కొద్దిలో తప్పింది" అనుకోవడం. 7 మీద పందెం కాస్తే 8 వచ్చింది. పక్కనే కదా అనిపిస్తుంది. కానీ 8 వచ్చినా ఓటమే, 2 వచ్చినా ఓటమే.

నాలుగు, "ఇప్పుడు మన వంతు" అనుకోవడం. 1913 ఆగస్టు 18న మోంటీ కార్లో అనే ఊళ్లో కాసినో చక్రం మీద వరసగా 26 సార్లు నలుపు గడే పడింది. "ఇన్నిసార్లు నలుపు వచ్చింది, ఇక ఎరుపే రావాలి" అని జనం ఎరుపు మీద డబ్బు కుమ్మరించారు. లక్షలకు లక్షలు పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకం ఉండదు. నిన్న ఏం పడిందో, ఇందాక ఏం పడిందో దానికి తెలియదు. ప్రతిసారీ మొదటిసారి లాంటిదే.

అయిదు, ఓడినవాళ్లు నోరు విప్పకపోవడం. గెలిచినవాడు ఊరంతా చెప్పుకుంటాడు. ఓడినవాడు ఇంట్లో కూడా చెప్పడు. అందుకే గెలుపులే ఎక్కువ వినపడతాయి.

ఫోన్‌లో పేకాట

రమ్మీ నేర్పుతో ఆడే ఆట అని 1968లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో చెప్పింది. నేర్పు ఉండచ్చు. కానీ డబ్బు పెట్టి ఫోన్‌లో ఆడితే కంపెనీ ప్రతి ఆటలో వాటా తీసుకుంటుంది.

ఆరుగురు తలా 100 రూపాయలు పెట్టారనుకోండి. మొత్తం 600. కంపెనీ వాటా నూటికి 10 అనుకుంటే 60 రూపాయలు దానికి పోతాయి. గెలిచినవాళ్లకు 540. ఇలా పది ఆటలు ఆడితే కంపెనీకి 600 చేరుతుంది. ఆరుగురూ సమానంగా నేర్పు ఉన్నవాళ్లయితే తలా 100 రూపాయలు తరిగిపోతాయి. కంపెనీ ఒక్క ముక్క కూడా పట్టుకోలేదు!

పైగా ఫోన్‌లో నోటు కంటికి కనపడదు. చేతిలోంచి తీసి ఇచ్చే బాధ తెలియదు. రాత్రి పగలు తేడా లేదు. డబ్బు అయిపోతే అదే ఫోన్‌లో అప్పు దొరుకుతుంది. పోయింది రాబట్టాలని అప్పు చేస్తారు. అదీ పోతుంది. సంసారాలు కూలేది ఎక్కువగా ఇక్కడే.

ధర్మరాజు పెట్టిన పణం

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లు చాలా ఉన్నాయి. తిరునాళ్లలో పద్దెనిమిది రోజులు భారతం చెబుతారు, నాటకం ఆడతారు. జూదం ఘట్టం అందరూ చూసిందే. ధర్మరాజు మొదట సొమ్ము పెట్టాడు. తర్వాత రాజ్యం, తమ్ముళ్లు, తను. చివరికి ద్రౌపది. పోయింది రాబట్టాలని ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. ధర్మం తెలిసినవాడే ఆగలేకపోయాడు.

అప్పుడు ద్రౌపది ఒక ప్రశ్న వేసింది. "తనను ముందు ఓడాడా, నన్ను ముందు ఓడాడా?" అని. తనను తాను ఓడినవాడికి ఆమెను పణం పెట్టే హక్కు ఎక్కడిది? సభలో సరైన జవాబు రాలేదు.

ఆ ప్రశ్న ఈనాటి ఇళ్లలో కూడా అడగాల్సిందే. ఫోన్‌లో పెట్టే పందెం ఎవరి డబ్బు? ఆమె జీతమా? పిల్లల ఫీజా? సంఘం నుంచి తెచ్చిన అప్పా?

చట్టం ఏమంటోంది?

ఆంధ్రప్రదేశ్‌లో 1974 నుంచి జూదం మీద చట్టం ఉంది. 2020 సెప్టెంబరులో దాన్ని సవరించారు. డబ్బు పెట్టి ఫోన్‌లో ఆడే రమ్మీ, పోకర్ లాంటి ఆటలు కూడా నేరమే అయ్యాయి. నడిపేవాళ్లకూ ఆడేవాళ్లకూ శిక్ష ఉంది.

2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఇంకో చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను ఫోన్‌లో నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా వేయచ్చు. వాటికి ప్రచారం చేసేవాళ్లకు కూడా శిక్ష ఉంది. అయినా దొంగచాటు ఆటలు కొత్త కొత్త పేర్లతో వస్తూనే ఉంటాయి. చట్టంతో పాటు ఇంట్లో జాగ్రత్త ఉండాలి.

జీతం పడే ఖాతా రహస్య అంకె ఎవరికీ చెప్పకండి. ఇంట్లో ఎవరైనా జూదంలో చిక్కుకుంటే తిట్టి దాచిపెట్టకండి. అప్పు ఎంతో ముందు కాగితం మీద రాయించండి. ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయకండి. ఫోన్‌లో మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. మనసు కుదురు తప్పి బతుకు మీద విరక్తి పుడితే 14416కు ఫోన్ చేయండి. డబ్బు తీసుకోకుండా మాట్లాడి ధైర్యం చెబుతారు.

1990ల మొదట్లో పక్కనే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో సారా గురించి పాఠం చదివారు. చదివి మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారా అంగడి వీధిలో కనపడేది. జూదం అంగడి ఇప్పుడు జేబులో ఉంటుంది. అందుకే దాని గురించి పైకి మాట్లాడుకోవడం ఇంకా అవసరం.

మాట్లాడుకోండి, లెక్క వేయండి

1. మట్కాలో ఒకామె రోజుకు 20 రూపాయలు కాస్తుంది. 30 రోజులకు ఎంత కాసినట్టు? నూటికి 10 చొప్పున ఆట నడిపేవాడికి ఎంత పోతుంది?

2. అదే 20 రూపాయలు రోజూ డబ్బాలో వేస్తే ఏడాదికి ఎంత అవుతుంది? దానితో మీ ఇంట్లో ఏ అవసరం తీరుతుంది?

3. మీ ఊళ్లో జూదంలో గెలిచి బాగుపడిన ఇల్లు ఒకటైనా ఉందా? చితికిన ఇళ్లు ఎన్ని ఉన్నాయి?