సిపాయి యింట సిగరెట్టు, టెలిఫోను సాయము

యుద్ధమునకు పోవు మగనికి తిలకము దిద్ది పంపుట మన కావ్యములు చదివినవారెల్ల నెరిగిన మర్యాదయే. అమెరికా ప్రభుత్వమువారు గత శతాబ్దమున తమ సైనికునికి అన్నపు పొట్లముతో సిగరెట్లనుగూడ చేర్చి పంపిరి. రెండవ ప్రపంచయుద్ధమున నిచ్చిన ఆహారపు పెట్టెలలో నవి యుండెను. 1975వ సంవత్సరమున గాని యా యాచారము నిలువలేదు. ఏలినవారే మప్పిన దానిని మాన్పించుట సులభమా?

శిక్షణకాలమున క్రొత్తవారిని పొగ త్రాగనీయరు. ఆ వారములు గడచినంతనే పెక్కుమంది మరల మొదలిడుదురు. విసుగు, నిద్రలేమి, తోడివారి చేరిక, ఇంటిపై బెంగ ఇందుకు కారణములు. వైద్యుని యెదుటికి పోయిన బలహీనుడందురేమో యను సంకోచ మొకటి. టెలిఫోనులో మొగము కనబడదు. ఊరూరికి బదిలీయగు సంసారమునకు ఊరు మారినను పిలువవలసిన సంఖ్య మారదు. ఈ రెండు సుగుణములును మాకు మిగుల నచ్చినవి.

కాలిఫోర్నియాలో ఇట్టి సహాయకేంద్రము 1992లో వెలసెను. ఏ రాష్ట్రమువారినైనను ఆ రాష్ట్రపు కేంద్రమునకు కలుపు ఒకే సంఖ్య, 1-800-784-8669, 2004లో ఏర్పడెను. మాజీ సైనికులకు వేరుగా 1-855-784-8838 గలదు.

సలహాదారు మొదట, నిద్ర లేచిన ఎంతసేపటికి తొలి సిగరెట్టు ముట్టింతువని యడుగును. అరగంటలోపలనే యైనచో వ్యసనము ముదిరినదని గుర్తు. పిమ్మట మానుటకొక దినము నిర్ణయింతురు. అటుపై సలహాదారే మరల మరల పిలుచును. తొలివారమున నీ పిలుపులు దగ్గరదగ్గరగా నుండును. ఏలయన, మానిన తొలి రెండు మూడు దినములే మిక్కిలి దుర్భరములు. చిరాకు, తలనొప్పి, నిద్రపట్టమి పెక్కుమందికి రెండు మొదలు నాలుగు వారములలో తగ్గును. ఒక్కొక్క కోరిక కొలది నిమిషములలో దాటిపోవును. ఆ నిమిషములలో ఏమి చేయవలెనో, మంచినీళ్లు త్రాగుటయో, నాలుగడుగులు నడచుటయో, ముందే యనుకొందురు. నికోటిను పట్టీలు, నమలుడు బిళ్లలు కూడ తోడైనచో ఒంటి సలహాకంటె ఫలితము మెండు. యుద్ధపు పీడకలలను మరచుటకై త్రాగువానికి మాత్రమిది చాలదు, మనోవైద్యుడును కావలెను.

ఇల్లాలును పిలువవచ్చును. సాధించుటవలన పురుషుడు చాటున త్రాగును గాని మానడని మా యభిప్రాయము. బూడిద పళ్లెములు తీసివేయుట, తానును త్రాగునదైనచో కూడి మానుట మేలు. ఇంటిపొగవలన పసివారికి ఉబ్బసము, చెవిపోటు హెచ్చును. ఉయ్యాలలోనే హఠాత్తుగా ప్రాణము పోవు భయము సహితము గలదు.

ఇది పరదేశపు ముచ్చట యనుకొనవలదు. మన యుత్తరాంధ్ర తీరమున అడ్డపొగ త్రాగు అవ్వలు, నిప్పు నోటిలోనే యుంచుకొని, అంగిటి పుండ్లతో బాధపడుట లోకవిదితము. భారతదేశమున 1800-11-2356 అను ఉచిత సంఖ్య 2016లో ప్రారంభమైనది. పొగాకు పెట్టెలమీదనే అచ్చువేయబడుచున్నది. పెట్టెను పారవేయునప్పుడు ఆ ముక్కను కత్తిరించి టెలిఫోను చెంత నుంచుడు.