ఐదు ఇంజన్ల పని మూడింటితో ఎలా?

అమెరికాలోని వయోమింగ్‌లో పౌడర్ రివర్ బొగ్గు గనులున్నాయి. అక్కడి బొగ్గు రైళ్లకు ఒకప్పుడు ఐదేసి ఎస్‌డీ40-2 డీజిల్ ఇంజన్లు కట్టేవారు. 1993 నుంచి బర్లింగ్టన్ నార్తర్న్ రైల్వే ఎస్‌డీ70మ్యాక్ ఇంజన్లు దింపింది. మూడు సరిపోయాయి. పాతవి ఒక్కోటి 3,000 హార్స్‌పవర్, అంటే మొత్తం 15,000. కొత్తవి 4,000 చొప్పున మూడూ కలిపి 12,000 మాత్రమే. మరి అదే బరువును ఎలా లాగాయి?

హార్స్‌పవర్ వేగానికి లెక్క. ఎత్తు ఎక్కేటప్పుడు బండిని ఆగనివ్వనిది లాగే బలం. గంటల తరబడి లాగినా చెడకుండా పాత ఇంజన్ చూపగల బలం సుమారు 37.7 టన్నులు, కొత్తదానిది 62. పాతికకిలోల బియ్యం బస్తాల్లో చెప్పుకుంటే, పాతది 1,500 బస్తాలను ఒక్కసారి పైకెత్తేంత బలమైనది, కొత్తది దాదాపు 2,500. ఐదు పాతవి కలిపితే 188 టన్నులు, మూడు కొత్తవి కలిపితే 186. ఎత్తు మీద వేగం కాస్త తగ్గుతుంది, నిజమే. బొగ్గుకు అంత తొందర లేదు.

తేడా మోటార్లలో ఉంది: పాత ఇంజన్లవి డీసీ, కొత్తవాటివి ఏసీ. పైన కరెంటు తీగే లేనప్పుడు ఏసీ, డీసీ ప్రసక్తి ఎందుకని అడగొచ్చు. డీజిల్ ఇంజన్ చక్రాలను నేరుగా తిప్పదు. అది కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరున్న మోటార్లు తిరుగుతాయి. ఏసీ, డీసీ అన్నది ఆ మోటారు రకం.

డీసీ మోటారులో కార్బన్ బ్రష్షులు కమ్యుటేటర్‌ను, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే రాగి పట్టీల వలయాన్ని, రాసుకుంటూ ఉంటాయి. నత్తనడకన బరువు లాగితే కరెంటు విపరీతంగా పారి మోటారు వేడెక్కుతుంది. అందుకే అంత భారం కొన్ని నిమిషాలే మోయనిస్తారు, మించితే పట్టీలు కాలిపోతాయి. ఏసీ మోటారులో బ్రష్షులే లేవు.

అసలు కీలకం పట్టు. డీసీ మోటారు నడిపే చక్రం పట్టాల మీద జారిందా, వేగం పుంజుకుని ఇంకా జారుతుంది. ఏసీ మోటారు వేగం దానికిచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీని, అంటే సెకనుకు అది ఎన్నిసార్లు అటు పారి మళ్లీ ఇటు పారుతుందన్న లెక్కను, పట్టుకుని ఉంటుంది. ఆ లెక్కను నిర్ణయించేది ఇన్వర్టర్ అనే పరికరం. చక్రం దాన్ని దాటి తిరగబోతే మోటారు తోపు తనంతట తానే తగ్గి, పట్టు మళ్లీ దొరుకుతుంది. పాత ఇంజన్ తన బరువులో ఐదో వంతుకు కాస్త పైన లాగితే, కొత్తది మూడో వంతు లాగేది అందుకే.

ఇంత మేలైతే అందరూ వెంటనే ఎందుకు మారలేదు? ధర. ఇన్వర్టర్లు ఖరీదైనవి. చదునైన దారిలో వేగంగా పోయే రైళ్లకు డీసీ చాలు. అమెరికాలోనే నార్‌ఫోక్ సదరన్ రైల్వే 2008 దాకా డీసీ ఇంజన్లే కొన్నది, దాని లెక్క దానికుంది. 2009లో జీఈ సంస్థ ఈఎస్44సీ4 అనే ఏసీ ఇంజన్ తెచ్చింది. దానికి ఆరు ఇరుసులున్నా మోటార్లు నాలుగే. ఆరు డీసీ మోటార్లు చేసే పని ఆ నాలుగు ఏసీ మోటార్లు చేశాయి, ధర విషయంలో డీసీకున్న వెసులుబాటూ పోయింది.