పందెం కాసిన ఆటగాడికి జట్టులో చోటుందా?

శ్రీకూర్మం నుంచి శ్రీకాకుళం కాలేజీలకు వెళ్లొచ్చే కుర్రాళ్లలో ఆట వచ్చినవాళ్ల లెక్క సూటిగా ఉంటుంది. ముందు కాలేజీ జట్టు, తర్వాత ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం జట్టు, ఆపైన అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. అక్కడ ఆడినందుకు వచ్చే ఫారం-3 పత్రం కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా ఉద్యోగాలకు పనికొస్తుంది. రాష్ట్ర ప్రభుత్వమూ 2024 క్రీడా విధానంలో తన కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. మల్లయోధుడు కోడి రామ్మూర్తిని, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరిని అందించిన ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో ఈ దారి పట్టిన పేదింటి పిల్లలు ఎందరో. ఆ దారిని మూసేసేది బెట్టింగ్. ఆ మాట అనగానే అందరూ పోయిన డబ్బు గురించే మాట్లాడతారు. ఆటగాడికైతే డబ్బుతోపాటు ఆడే అర్హతా పోతుంది. ఈ విషయంలో కుర్రాళ్ల నోట తరచూ వినిపించే అపోహలివి.

అపోహ 1: "మనం ఆడని మ్యాచ్ మీద కాసుకుంటే తప్పేటి?"

వాస్తవం: తప్పే. ఇంగ్లండ్ పేసర్ బ్రైడన్ కార్స్ 2017-19 మధ్య 303 క్రికెట్ పందేలు కాశాడు. అందులో ఒక్కటీ తాను ఆడిన మ్యాచ్ మీద కాదు. బెట్టింగ్ చట్టబద్ధమైన దేశమది. అయినా 2024లో మూడు నెలలు ఆటకు దూరమయ్యాడు. ఆటగాడు క్రికెట్ మీద పందెం కాస్తే ఐసీసీ నియమావళి ప్రకారం ఏడాది నుంచి అయిదేళ్ల దాకా నిషేధం పడొచ్చు. అమెరికాలో చదువుకుంటూ కాలేజీ జట్టుకు ఆడేవారికీ ఇలాంటి కట్టడే ఉంది. ప్రొఫెషనల్ మ్యాచ్‌ల మీద కాయడానికి సడలింపు ఇవ్వాలని అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 2025 అక్టోబరులో అనుకుంది, నవంబరులోనే వెనక్కి తగ్గింది.

అపోహ 2: "నాను రూపాయి తీసుకోనేదు, నాకేటవుద్ది?"

వాస్తవం: అప్పటి బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అల్ హసన్ కూడా డబ్బు తీసుకున్నట్టు ఎవరూ తేల్చలేదు. బుకీ తనను కదిపి చూశాడన్న సంగతి అధికారులకు చెప్పలేదు, అంతే. 2019 అక్టోబరులో రెండేళ్ల నిషేధం పడింది. అందులో ఏడాది అమలు కాకుండా నిలిపి ఉంచారు. బుకీ నేరుగా బేరానికి దిగడు. "మీ ఓపెనర్ మోకాలు తగ్గిందా? రేపు ఎవరిని దించుతున్నారు?" అని వాట్సాప్‌లో కుశల ప్రశ్నలా అడుగుతాడు. పందెం కోసం అడుగుతున్నాడని తెలిసీ జవాబిస్తే, జట్టు లోపలి సమాచారం చేరవేసినట్టే. అది వేరే నేరం.

అపోహ 3: "మనూరి మ్యాచ్ మీద ఎవలు కాస్తారు?"

వాస్తవం: 2022 జులైలో గుజరాత్ మెహసానా జిల్లా మోలిపూర్‌లో పోలీసులు ఒక దొంగ ఐపీఎల్‌ను పట్టుకున్నారు. పొలంలో పిచ్ వేసి, లైట్లు, కెమెరాలు పెట్టి, మ్యాచ్‌కు 400 రూపాయల చొప్పున కూలీలకు జెర్సీలు తొడిగి ఆడించారు. యూట్యూబ్‌లో చూస్తూ పందెం కాసింది రష్యాలోని జనం. ఎప్పుడు ఫోర్ కొట్టాలో, ఎప్పుడు అవుటవ్వాలో వాకీటాకీలో అంపైర్‌కు కబురొచ్చేది. ప్రత్యక్ష ప్రసారం ఉంటే చాలు, ఏ టోర్నమెంటైనా బుకీకి సరుకే.

అపోహ 4: "ఫాంటసీ తెలివితేటల ఆట, బెట్టింగ్ అవ్వదు."

వాస్తవం: రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే. ఆ మాటను పట్టుకునే ఫాంటసీ యాప్‌లు పెరిగాయి. కానీ 2020లో రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆడినవారికీ ఆరు నెలల దాకా జైలు పెట్టింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే తీసేసింది. ఫాంటసీ యాప్ డ్రీమ్11 డబ్బు పోటీలను ఆపేసింది.

అపోహ 5: "కేసు కొట్టేస్తే మళ్లీ ఆడొచ్చు."

వాస్తవం: కోర్టు తీర్పు వేరు, క్రీడా సంఘం క్రమశిక్షణ వేరు. స్పాట్ ఫిక్సింగ్ కేసులో పేసర్ శ్రీశాంత్‌కు 2015లో ఢిల్లీ కోర్టు విముక్తి కల్పించినా బీసీసీఐ నిషేధం కదల్లేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లాక జీవితకాల నిషేధం ఏడేళ్లకు తగ్గింది. 2020 సెప్టెంబరులో అది ముగిసేసరికి అతనికి 37 ఏళ్లు. మన హైదరాబాదీ అజారుద్దీన్‌పై 2000లో పడిన జీవితకాల నిషేధం చెల్లదని 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అప్పటికి ఆయన వయసు 49. ఆడిన టెస్టులు 99 దగ్గరే ఆగిపోయాయి. మ్యాచ్ ఫిక్సింగ్ ఐపీసీ కింద మోసం నేరం కాదని 2022లో తీర్పిచ్చిన కర్ణాటక హైకోర్టు కూడా, చర్య తీసుకునే అధికారం బీసీసీఐకి ఉందని స్పష్టం చేసింది.

అపోహ 6: "బ్యాంకు ఖాతా ఇచ్చాను గానీ నాను పందెం కాయనేదు."

వాస్తవం: పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే నెలకింత కమీషన్ ఇస్తామని విద్యార్థులకు ఎర వేస్తారు. బెట్టింగ్ సొమ్ము ఆ ఖాతాలోంచి నడుస్తుంది. పోలీసులు ముందు వెతికేది ఖాతాదారునే. పోలీసు, సైన్యం కొలువుల ధ్రువీకరణ పత్రంలో "మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా?" అని ఒక గడి ఉంటుంది. అక్కడ నిజం దాస్తే ఉద్యోగమే పోవచ్చు. తెలిసీ తెలియని వయసులో చేసిన చిన్న తప్పును మన్నించే వెసులుబాటు నియామక అధికారులకు ఉందని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది వారి విచక్షణే తప్ప అభ్యర్థి హక్కు కాదు.



 

మరి ఎవరైనా కదిపితే ఏం చేయాలి? మెసేజ్ చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి, ఆ రోజే పీడీ సార్‌కో కోచ్‌కో చెప్పాలి. ఖాతా వాళ్ల చేతిలో పెట్టేసి ఉంటే వెంటనే బ్యాంకుకు వెళ్లి ఆపించాలి, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. పందేలు మానలేకపోతుంటే మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లాడు వచ్చి చెప్పుకున్నప్పుడు పెద్దలు ముందు వినాలి, తిట్లు తర్వాత. షకీబ్‌కు శిక్ష పడింది బుకీ అడిగినందుకు కాదు, అడిగిన సంగతి చెప్పనందుకు.