పసుపు చేను - విశ్వవిద్యాలయం

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పట్టణం నవనాథ సిద్ధుల గుట్టకు ప్రసిద్ధి. ఆరును, మూడును కలిపితే తొమ్మిది అవుతుంది కనుక నవనాథుల మూలంగానే ఈ ఊరికి ఆర్మూరు అనే పేరు కలిగినదని స్థానికులు చెప్పుకొంటారు. ఆ వ్యుత్పత్తి సాధువో కాదో పండితులు తేల్చవలసినదే. ఆ పేరు ఊరి పొలిమేరలు దాటి వ్యాపించినది మాత్రం పసుపు వల్ల. ఈ ప్రాంతపు దేశవాళీ పసుపు రకాన్ని వ్యవసాయ గ్రంథాలు 'ఆర్మూరు' అనే పేరుతోనే వ్యవహరిస్తాయి. దుగ్గిరాల, మైదుకూరు రకాలకు కూడా ఊరిపేర్లే పేర్లయినాయి.

సంస్కృత నిఘంటువులలో పసుపునకు హరిద్ర అనే పేరుతో పాటు నిశ, రజని అనే రాత్రి పర్యాయపదాలు కూడా కనిపిస్తాయి. తెలుగువారి ఇంట గడప మొదలు పెండ్లిపీట వరకు పసుపు లేని శుభకార్యం లేదు. అయితే మంగళద్రవ్యంగా మన చేతికి అందే ఈ పసుపు, పండించే రైతుకు దాదాపు తొమ్మిది నెలల శ్రమ. జూన్ మాసంలో దుంపను నాటుతారు. తొలినాళ్ళలో మొక్కజొన్నను అంతరపంటగా వేయడం ఈ ప్రాంతపు ఆచారం. జనవరి నుండి మార్చి వరకు తవ్వకం సాగుతుంది. తవ్విన దుంపను ఉడకబెట్టాలి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, పీపాలలో వేసి తిప్పి మెరుగు పెట్టాలి. నూరు కిలోల పచ్చి పసుపు ఇన్ని దశలు దాటి సుమారు ఇరవై కిలోల ఎండు పసుపుగా మిగులుతుంది. అప్పుడు గాని అది అంగడికి చేరదు. అక్కడ కొమ్ములను 'కాడి' అని, తల్లిదుంపలను 'గోళ' అని వేరు చేసి ధర కడతారు.

ఆ ధర రైతు చేతిలో లేదు. కేంద్ర ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపునకు చోటు లేదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానానికి 185 మంది పోటీపడగా, వారిలో 178 మంది రైతులే. గెలుపు కోసం కాక, పసుపు బోర్డు కావాలని, పసుపునకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర దక్కాలని దేశానికి వినిపించడానికే వారు నామపత్రాలు సమర్పించారు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైనది.

ధర ఒక్కటే రైతు ప్రశ్న కాదు. నిండుగా ఉన్న చేనులో దుంప ఎందుకు కుళ్ళుతున్నది? తొమ్మిది నెలల పంట ఆరు నెలలకు రాదా? మంచి విత్తనం ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకవలసిన బాధ్యత వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. ఆ బాధ్యత ఎలా ఏర్పడినదో తెలియాలంటే నూట అరవై ఏండ్లు వెనుకకు వెళ్ళాలి.

విద్యకు భూమిని దానం చేయడం మన చరిత్రకు కొత్త కాదు. రాజులు పండితులకు అగ్రహారాలు ఇచ్చారు. శాస్త్రాలు అక్కడ వర్ధిల్లినాయి గాని, నాగలి పట్టినవాని విద్య ఆ శాస్త్రాలలో ఒకటిగా లెక్కకు రాలేదు. 1862లో అమెరికాలో వచ్చిన మోరిల్ చట్టం ఈ లోపాన్ని మరొక విధంగా పూరించినది. అంతర్యుద్ధం జరుగుతుండగానే అధ్యక్షుడు లింకన్ సంతకం చేసిన ఆ చట్టం ప్రతి రాష్ట్రానికీ ప్రభుత్వ భూములను కేటాయించినది. వాటిని విక్రయించగా వచ్చిన ధనంతో వ్యవసాయం, యంత్రవిద్య బోధించే కళాశాలలు వెలిశాయి. 'లాండ్ గ్రాంట్' విద్యాసంస్థలు అనే పేరు అలా ఏర్పడినది. ఆ భూములలో అధికభాగం అక్కడి ఆదివాసుల నుండి తీసుకొన్నవే అనే సంగతిని విస్మరించరాదు. బోధనకు తోడుగా 1887లో హాచ్ చట్టం పరిశోధన క్షేత్రాలను నెలకొల్పినది. 1914లో స్మిత్-లీవర్ చట్టం విస్తరణను, అనగా కళాశాలలోని విజ్ఞానాన్ని రైతు ముంగిటికి చేర్చే పనిని, ఆ సంస్థలకే అప్పగించినది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే కప్పు క్రిందికి రావడానికి అర్ధశతాబ్దం పట్టినదన్నమాట.

స్వాతంత్ర్యానంతరం సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘం గ్రామీణ విశ్వవిద్యాలయాల ఆవశ్యకతను సూచించినది. ఈ నమూనాలో మొదటిది 1960లో పంత్‌నగర్‌లో ఏర్పడినది. మన రాష్ట్రంలో 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం హైదరాబాదులో అవతరించినది. 1945 నాటి బాపట్ల కళాశాల, 1946 నాటి హైదరాబాదు కళాశాల, 1961 నాటి తిరుపతి కళాశాల దాని గొడుగు క్రిందికి వచ్చినాయి. 1863లో స్థాపితమైన అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం, లాండ్ గ్రాంట్ సంస్థలలో తొలితరానికి చెందినది, దీనికి మార్గదర్శనం చేసినది. 1965 మార్చి 20న ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి లాంఛనంగా ప్రారంభించిన ఈ సంస్థకు 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ క్షేత్రాలు, కళాశాలలు ఆచార్య జయశంకర్ పేరిట ఏర్పడిన విశ్వవిద్యాలయానికి సంక్రమించినాయి.

వరి విషయంలో ఈ నమూనా ఫలం అందరికీ తెలిసినదే. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి తెలుగువారి విస్తళ్ళలో అన్నమై కూర్చున్నది. ఆర్మూరుకు పొరుగున ఉన్న జగిత్యాల క్షేత్రం నుండి వచ్చిన 'జగిత్యాల సన్నాలు' ఆ ఊరి పేరును ధాన్యపు బస్తాల మీదికి ఎక్కించినాయి. మరి పసుపులో అంత వేగం ఎందుకు కానరాదు? శాస్త్రజ్ఞుల ఉదాసీనతే కారణమని తొందరపడి అనుకోరాదు. కారణం పసుపు మొక్క స్వభావంలోనే ఉన్నది.

పసుపు పూస్తుంది గాని గింజ పట్టడం అరుదు. కనుక రెండు రకాలను సంకరపరచి కొత్త రకాన్ని పుట్టించడం కష్టసాధ్యం. ఉన్న దుంపలలో మేలైనదాన్ని ఏరి, ఏండ్ల తరబడి పెంచి, పరీక్షించి రకంగా విడుదల చేయడమే ప్రధానమార్గం. విడుదలైన తరువాత మరొక చిక్కు. నాటు వేసే వరికి ఎకరాకు ఇరవై, ఇరవై అయిదు కిలోల విత్తనం చాలు. ఒక ఎకరం ధాన్యం సుమారు నూరు ఎకరాలకు విత్తనమవుతుంది. పసుపునకు ఎకరాకు ఎనిమిది నుండి పది క్వింటాళ్ళ దుంప కావాలి. చక్కగా పండిన ఎకరం నుండి నూరు క్వింటాళ్ళ పచ్చిదుంప వచ్చినా అది పది ఎకరాలకే విత్తనం. ఏడాదికి ఒకటే పంట కనుక, ఒక ఎకరంలో మొదలైన కొత్త రకం వేయి ఎకరాలకు చేరాలంటే, ఒక్క దుంప కూడా అమ్ముకోకుండా దాచినా, మూడేండ్లు పడుతుంది. అంత దుంపను అమ్ముకోకుండా విత్తనానికి ఉంచే రైతు ఎందరు?

దుంపతో పాటు తెగులు కూడా ప్రయాణిస్తుంది. పొరుగు రైతు వద్ద కొన్న విత్తనంలో కుళ్ళు దాగి ఉంటే అది కొత్త చేనుకు చేరుతుంది. అందుకే విత్తనశుద్ధికి శాస్త్రజ్ఞులు అంత ప్రాధాన్యం ఇస్తారు. నాటడానికి ముందు దుంపలను మందునీటిలో ముంచి నీడలో ఆరబెట్టడం, పశువుల ఎరువు, వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని పెంచి చేనుకు వేయడం, నీరు నిలువకుండా ఎత్తుమళ్ళపై నాటడం దుంపకుళ్ళును అదుపు చేసే మార్గాలు. ఒక్కొక్క కన్ను ఉన్న చిన్న ముక్కలను తట్టలలో నారుగా పెంచి నాటే పద్ధతి వల్ల విత్తనం అవసరం చాలా తగ్గుతుంది. కోజికోడ్‌లోని భారతీయ సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ రూపొందించిన 'ప్రగతి' రకం సుమారు 180 రోజులలో చేతికి వస్తుంది. అలా మిగిలిన కాలంలో మరొక పంటకు వీలు కలుగుతుంది.

ఆర్మూరు నుండి జగిత్యాలకు పోయే దారిలో కమ్మర్‌పల్లి వద్ద పసుపు పరిశోధన కేంద్రం ఉన్నది. ఇది శ్రీ కొండా లక్ష్మణ్ పేరిట ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందినది. 2007లో రాష్ట్రంలో ఉద్యాన విద్యకు వేరొక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుండి వరి ఒక సంస్థకు, పసుపు మరొక సంస్థకు చెందినాయి. పరిపాలనకు అది సౌకర్యమే కావచ్చు. ఒకే గట్టుకు ఇటు వరి, అటు పసుపు వేసే రైతు మాత్రం రెండు వాకిళ్ళు తట్టవలసి వస్తున్నది.

విస్తరణకై రుద్రూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. జిల్లాలలోని విశ్వవిద్యాలయ సలహా కేంద్రాలకు 'ఏరువాక కేంద్రాలు' అని పేరు. తొలకరి దుక్కికి పూజచేసే పండుగ పేరును శాస్త్రజ్ఞుల కార్యాలయానికి పెట్టడం చక్కని ఆలోచన. పేరుకు తగినట్లు ఆ శాస్త్రజ్ఞులు దుక్కిలోకి దిగిన చోట ఫలితం కనిపిస్తుంది. కరపత్రం పంచి వచ్చిన చోట అది కాగితమై మిగులుతుంది.

విజ్ఞానం పైనుండి క్రిందికే ప్రవహిస్తుందనుకోవడం కూడా పొరపాటే. 1995లో పసుపునకు గాయాలు మాన్పే గుణమున్నదని అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు లభించినది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసి, అది భారతీయులకు చిరకాలంగా తెలిసిన విషయమేనని గ్రంథాధారాలు చూపినది. 1997లో ఆ పేటెంటు రద్దయినది. మన అవ్వలకు తెలియని రహస్యం కాదది. కాని వాదంలో నిలిచినది వ్రాసి ఉన్న మాట. రైతుల నోట ఉన్న ఎరుకలో వ్రాతకు ఎక్కనిది ఇంకా ఎంతో ఉన్నది.

వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులు చివరి సంవత్సరంలో కొన్ని నెలలు గ్రామాలలో ఉండి రైతులతో కలిసి పనిచేసే నియమం ఈ దృష్టితో చూస్తే విలువైనది. వాననీరు ఎటు నిలుస్తుందో, ఏ నేలలో దుంప త్వరగా ఊరుతుందో వారికి రైతే గురువు. ఉడుకుతున్న కడాయి పైన నురుగు లేచి, తెల్లని ఆవిరితో ప్రత్యేకమైన వాసన వచ్చినప్పుడు, చీపురుపుల్ల గుచ్చితే దుంపలోకి మెత్తగా దిగినప్పుడు పసుపు ఉడికినదని గుర్తు. ఒక పాలు తక్కువైతే కొమ్ము విరుగుతుంది, ఎక్కువైతే రంగు పోతుంది. ఆ గుర్తును విద్యార్థి పుస్తకంలో వ్రాసుకొంటాడు. ఆ వాసనను మాత్రం కడాయి ప్రక్కన నిలబడి నేర్చుకోవలసినదే.