డైరెక్టరీ సేవ - దాని వెనుకనున్న లైబ్రరీ

ఒక విశ్వవిద్యాలయములో ఇరువదివేల మంది కలరనుకొందము. ఉత్తరముల కంప్యూటరు, పుస్తకములిచ్చు కంప్యూటరు, పరీక్షా ఫలితములు చూపు కంప్యూటరు - ఈ మూడును ప్రతివారిని పేరు, పాస్‌వర్డు అడుగును. ఏ కంప్యూటరు పట్టికను ఆ కంప్యూటరే ఉంచుకొన్నచో, ఒక ఉద్యోగి వెళ్లిపోయినపుడు మూడుచోట్ల పేరు కొట్టివేయవలెను. ఒకచోట మరచినను ఆ తలుపు తెరచియే ఉండును. ఈ చిక్కు లేకుండ వివరములన్నిటిని ఒకేచోట నుంచి, అడిగిన ప్రోగ్రాములకెల్ల అక్కడినుండియే జవాబిచ్చు ఏర్పాటును డైరెక్టరీ సేవ అందురు.

చెట్టువంటి అమరిక

టెలిఫోను డైరెక్టరీలో పేర్లు అక్షరక్రమమున నుండును. ఈ డైరెక్టరీలో అవి చెట్టుకొమ్మలవలె నుండును. మొదట దేశము, దానినుండి సంస్థ, సంస్థనుండి శాఖ, శాఖ చివర వ్యక్తి. ఆ చివరనుండి మొదటివరకు చదివినచో, కవరుపై వ్రాయు చిరునామావలె, ఆ వ్యక్తి పూర్తి గుర్తింపు తెలియును.

ఇందుకు 1988లో ఎక్స్.500 అను అంతర్జాతీయ ప్రమాణము వెలువడినది. కాని దాని సంభాషణ పద్ధతి చిన్న కంప్యూటర్లకు మోయరాని బరువైనది. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున టిమ్ హోవెస్ మొదలగువారు తేలికపద్ధతి నొకదానిని రూపొందించిరి. అదియే ఎల్‌డాప్. దాని ప్రమాణపత్రము 1993లోను, నేడు వాడుకలోనున్న మూడవ రూపము 1997లోను ప్రకటితమైనవి. మిచిగన్ వారి ప్రోగ్రాము ఆధారముగా 1998లో ఓపెన్‌ఎల్‌డాప్ ప్రారంభమైనది. దీని మూలప్రతిని ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును.

లైబ్రరీ చేయు పని

డైరెక్టరీతో మాటలాడు విధమును ప్రతి ప్రోగ్రాము రచయితయు మొదటినుండి వ్రాయనక్కరలేదు. ఒకరు వ్రాసి, పరీక్షించి ఉంచిన భాగములను తెచ్చుకొనవచ్చును. అట్టి భాగముల సముదాయమే లైబ్రరీ. ఒకే తీగపై అనేక ప్రశ్నలు పోవచ్చును. జవాబులు వేరు వరుసలో రావచ్చును. కాబట్టి లైబ్రరీ ప్రతి ప్రశ్నకు ఒక సంఖ్య వేసి, ఆ సంఖ్యను చూచి జవాబును సరియైన ప్రశ్నతో జతపరచును.

ప్రతి వివరమును అది మూడు భాగములుగా పంపును: ఇది ఏ జాతి వస్తువు, దాని పొడవెంత, లోపలనున్న దేమి. ఇచటనే మన భాషకు సంబంధించిన సంగతి కలదు. 'రామ' మనకు రెండక్షరములు. యూనికోడులో ర, దీర్ఘము, మ అని మూడు గుర్తులు. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు కావలెను. కావున పొడవు 9 అని చెప్పవలెను. 2 అనియో 3 అనియో చెప్పినచో, అవతలి కంప్యూటరు పేరును మధ్యలో తెంచి, మిగిలిన బైట్లను వేరొక వస్తువుగా భావించును, సందేశమంతయు చెడును. ఇంగ్లీషు అక్షరమునకు ఒకే బైటు గనుక, ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించినవారికి ఈ తప్పు కనబడదు.

రెండు ప్రమాదములు

పేరు ఇచ్చి, పాస్‌వర్డును ఖాళీగా పంపినచో కొన్ని సర్వర్లు "సరే" అనును. దాని అర్థము "పాస్‌వర్డు సరియైనది" అని కాదు. "నిన్ను అనామకునిగా రానిచ్చితిని" అని మాత్రమే. ఈ భేద మెరుగని ప్రోగ్రాము ఎవరినైనను లోనికి పంపివేయును. ఖాళీ పాస్‌వర్డును ముందుగనే నిరాకరించుట మంచి లైబ్రరీ లక్షణము.

రెండవది వెదకులాటకు సంబంధించినది. వెదకునపుడు నక్షత్రపు గుర్తునకు "ఏదైనను సరే" అని అర్థము. పేరు అడిగినచోట ఎవరైన నక్షత్రమును వ్రాసి, ప్రోగ్రాము దానిని అట్లే పంపినచో, ఒకరికి బదులు అందరి వివరములు వచ్చిపడవచ్చును. అట్టి గుర్తులను వాలుగీతతో మొదలగు సంకేతములుగా మార్చి పంపవలెను. ఆ మార్పును చేసిపెట్టు భాగము లైబ్రరీలో ఉండవలెను.

మూలప్రతి తెరచియుండుట వలని లాభ మిచ్చటనే తెలియును. పైథాన్, పిహెచ్‌పి భాషలలో డైరెక్టరీతో మాటలాడుటకు ప్రసిద్ధమైన భాగములు ఓపెన్‌ఎల్‌డాప్ వారి సి-భాషా లైబ్రరీపైననే నిలిచియున్నవి. అడుగున ఒకచోట దిద్దిన తప్పు, కొత్త ప్రతిని తెచ్చుకొన్న వారందరికిని తీరును. మన పేర్లతో పరీక్షించి, కనబడిన లోపమును దిద్ది పంపు అవకాశము తెలుగు విద్యార్థికిని కలదు. దానికి ఎవరి అనుమతియు అక్కరలేదు.