పూత మార్చితే రాతినార విషం పోతుందా?

బెంటన్‌విల్‌లో స్థిరపడిన మన కుటుంబాలకు రాతినారతో, అనగా ఆస్బెస్టాస్‌తో, రెండు వైపులా సంబంధం ఉన్నది. స్వదేశంలో తల్లిదండ్రుల ఇంటి వసారాకో, పశువుల కొట్టానికో కప్పిన సిమెంటు రేకులు ఒకవైపు; ఇక్కడ 1980కి పూర్వం కట్టిన ఇల్లు కొన్నవారికి నేలపలకలలోనో, గొట్టాల చుట్టూనో దాగి ఉండగల అదే పదార్థం మరొకవైపు. "రసాయనంతో శుద్ధి చేస్తేనో, పైన రంగు వేస్తేనో ప్రమాదం పోదా?" అని మిత్రులు అడుగుతుంటారు. ప్రశ్న చక్కనిదే. జవాబు మాత్రం వారు ఆశించినంత సులభమైనది కాదు.

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, డోలమైట్ పొరలలోనికి భూగర్భం నుండి కరిగిన శిల చొచ్చుకొని వచ్చినప్పుడు, ఆ వేడికి తెల్ల రాతినార ఏర్పడినది. దీని పేరు క్రిసొటైల్. ఒక సిలికా పొర, ఒక మెగ్నీషియం హైడ్రాక్సైడు పొర ఇందులో జంటగా అతుక్కొని ఉంటాయి. రెండింటి కొలతలు సరిపోవు గనుక, పెద్దదైన మెగ్నీషియం పొర వెలుపలికి వచ్చేటట్లు ఆ జంట చాపచుట్టవలె చుట్టుకొంటుంది. అందువలన పోగు ఉపరితలానికి ధనావేశం ఉంటుంది. మన జీవకణాల పైపొరలది ఋణావేశం. ఎర్ర రక్తకణాలతో ఈ పోగులను కలిపితే అవి చిట్లిపోతాయి.

ఇదే నారను ఆమ్లంలో నానబెడితే మెగ్నీషియం కరిగిపోయి సిలికా అస్థిపంజరం మిగులుతుంది. ఆవేశం తారుమారవుతుంది, రక్తకణాలను చిట్లించే శక్తి బాగా తగ్గుతుంది. ఊపిరితిత్తులలోని భక్షక కణాలు కూడా తమలోని ఆమ్లద్రవంతో ఈ పనినే నెమ్మదిగా చేస్తాయి.

అయితే నీలి రాతినార కథ వేరు. దానికి మెగ్నీషియం తొడుగు లేదు, అయినా ప్రాణాంతకతలో తెల్లదానిని మించినది. అందులోని ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడును విడగొట్టి హైడ్రాక్సిల్ రాడికల్‌లను పుట్టిస్తుంది, అవి డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. తలసేమియా రోగులకిచ్చే డెస్ఫెరాక్సమిన్ ఆ ఇనుమును పట్టివేస్తే, ప్రయోగశాలలో హాని తగ్గినది. కాని దేహంలో చేరిన పోగు మన రక్తమాంసాలలోని ఇనుమునే మరల పైకి కూర్చుకొంటుంది! మనం ఇచ్చిన ఉపరితలం మనం ఇచ్చినట్లే నిలిచి ఉండదన్నమాట.

కెనడాలో 1980లలో ఫాస్ఫేటు పూత పూసిన క్రిసొటైల్‌ను కూడా పరీక్షించారు. ఎంత పూసినా పోగు పొడవు పొడవే. భక్షక కణం మింగలేనంత పొడవుగా, సన్నగా ఉండి, కరగక మిగిలినదే అసలు శత్రువు. కెనడా 2018లో రాతినారనే నిషేధించినది. నా దృష్టిలో పూతల పరిశోధన విషం ఎట్లా పనిచేస్తుందో తెలిపినదే గాని, దానికి విరుగుడు చూపలేదు. స్ఫటికాన్నే నాశనం చేయాలంటే వందల డిగ్రీల వేడిలో కాల్చాలి. అది ఇంటి పెరట్లో అయ్యే పని కాదు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024 మార్చిలో క్రిసొటైల్‌ను నిషేధించినది. కొన్ని వాడకాలకు మాత్రం గడువులిచ్చినది. భారతదేశంలో రేకుల తయారీపై అటువంటి నిషేధం లేదు. చెక్కుచెదరని రేకుకు రంగు వేస్తే, నార కొంతకాలం సిమెంటులోనే బంధించబడి ఉంటుంది. అయితే రంగుకు ముందు దానిని గీకకూడదు. ఊరిలో పాత కప్పు మార్చుతున్నారని ఉత్తరం వస్తే, రంపంతో కోయవద్దని, పగులగొట్టవద్దని, నీటితో తడిపి రేకును రేకుగానే దింపమని వ్రాయండి. ఇక్కడ పాత నేలపలకలు తీయించేవారు ముందుగా ఒక ముక్కను నిపుణులచేత పరీక్షకు పంపించండి. ఆ ధూళి పీల్చిన కూలీకి ఆనాడు దగ్గు కూడా రాదు. మెసోథీలియోమా బయటపడటానికి ఇరవై నుండి నలభై ఏళ్లు పడుతుంది.